ఇంటిపేరు మారితే ఓటు పోతుందా?

ప్రశ్న: పెళ్లయి ఆరేళ్లయింది. పుట్టిల్లు, అత్తిల్లు ఒకే ఊళ్లో. ఓటరు కార్డులో పుట్టింటి ఇంటిపేరు, నాన్న పేరు ఉన్నాయి. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, మావారి పేరు. బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే. 2024 మే 13న ఆధార్ పట్టుకుని బూత్‌కి వెళ్తే ఏజెంట్ ఒకాయన లేచి "ఈ పేరు ఈవిడది కాదు" అన్నాడు. గంటన్నర లైన్లో నిలబడి కూడా ఓటు వేయకుండా వచ్చేశాను. మళ్లీ కొత్త కార్డుకు అప్లై చేయమంటున్నారు. చేయనా?
ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: కొత్త కార్డుకు మాత్రం వద్దమ్మా. ఫారం 6 మొదటిసారి ఓటరుగా చేరేవాళ్లది, అది నింపితే మీ పేరు జాబితాలో రెండుసార్లు పడే ప్రమాదం ఉంది. మీకు కావాల్సింది ఫారం 8. పేరు దిద్దుకోవాలన్నా, తండ్రి పేరు తీసి భర్త పేరు పెట్టుకోవాలన్నా, ఇల్లు మారినా, కార్డు పోయినా 2022 ఆగస్టు నుంచి అన్నిటికీ ఆ ఒక్క ఫారమే. ఎన్నికల సంఘం యాప్‌లో నింపవచ్చు, లేదా మీ బీఎల్‌ఓకి, అంటే మీ బూత్ ఓటర్ల జాబితా చూసే అధికారికి ఇవ్వవచ్చు. ఆధార్‌తో పాటు పెళ్లి సర్టిఫికెట్ ఉంటే జత చేయండి.

ఆ రోజు మీరు వెనక్కి రాకుండా ఉండాల్సింది, అది తలుచుకుంటే నాకే బాధగా ఉంది. ఏజెంట్ ఊరికే లేచి అంటే సరిపోదు, ప్రిసైడింగ్ అధికారి దగ్గర రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పాలి, అప్పుడు అధికారి అక్కడికక్కడే విచారణ చేస్తారు, మీరు మీరు కాదని అతను తేల్చలేకపోతే మిమ్మల్ని ఓటు వేయనివ్వాల్సిందే. జాబితాలో మీ పేరు పక్కన ఫొటో ఉంటుంది. మనిషి ఎవరో తెలుస్తున్నప్పుడు అక్షరం తేడాల్లాంటి చిన్న తప్పులు పట్టించుకోవద్దని ఎన్నికల సంఘమే చెబుతుంది.

ఇంకో మాట. మీరు ఆధార్‌కి బదులు పాత ఓటరు కార్డు తీసుకెళ్లి ఉంటే ఈ టెన్షనే ఉండేది కాదేమో. కార్డులో ఉన్నదీ, జాబితాలో ఉన్నదీ ఒకటే పుట్టింటి పేరు, అవి రెండూ కలుస్తాయి. కలవనిది ఆధారే. పేరు దిద్దుకునేదాకా ఆ పాత కార్డు పారేయకండి. మా పిన్ని ఇలాగే పాత కార్డు, ఆధార్, అంచులు నలిగిన శుభలేఖ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని బూత్‌కి వెళ్లేది.

అసలు పెళ్లయిందని ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పదు. మార్చుకోవాలనిపిస్తే మార్చుకోండి, కానీ ఒకచోట మార్చి ఇంకోచోట వదిలేయడం వల్లే ఈ బాధంతా. మన వ్యవస్థకి ఆడవాళ్ల పేరుతో ఈ పేచీ మొదటి నుంచీ ఉంది. 1951-52 ఎన్నికల జాబితా రాసేటప్పుడు, ముఖ్యంగా ఉత్తరాదిలో, ఎంతోమంది స్త్రీలు తమ పేరు చెప్పకుండా ఫలానా ఆయన భార్యననీ, ఫలానా ఆయన కూతురిననీ రాయించుకున్నారు. అలాంటివి చెల్లవని అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ గట్టిగా నిలబడ్డారు, దాదాపు 28 లక్షల మంది పేర్లు తీసేయాల్సి వచ్చింది. అన్ని లక్షల మంది, కేవలం పేరు దగ్గర!

ప్రశ్న: పెళ్లయ్యాక విజయవాడ వచ్చాను. ఇక్కడ అత్తింటి పేరుతో ఓటు వచ్చింది, ఊళ్లో పుట్టింటి పేరుతో ఇంకా ఉంది. పేర్లు వేరు కదా, రెండూ ఉంచుకోవచ్చా?
మరో పాఠకురాలు

జవాబు: కుదరదండీ. పేర్లు రెండైనా మనిషి ఒక్కరే. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 17, 18 సెక్షన్ల ప్రకారం రెండు చోట్ల గానీ, ఒకేచోట రెండుసార్లు గానీ ఉండకూడదు. ఇంకెక్కడా ఓటు లేదని అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మీరు తెలిసి చేసి ఉండరు, భయపడకండి, ఊళ్లో ఓటు తీసేయమని ఫారం 7 పెట్టండి. తర్వాత రెండు జాబితాలూ మీరే చూసుకోండి. ఎందుకంటే పొరపాటున విజయవాడ పేరు కూడా పోతే, నామినేషన్ల గడువు దాటాక ఆ ఎన్నికకు జాబితాలో ఏ మార్పూ చేయరు. అనుమానం ఉంటే ఓటరు హెల్ప్‌లైన్ నంబరు 1950కి ఫోన్ చేయండి.