కొనుడు సులువే, సాకుడే ఖర్చు

(ఇంటి సామాను: ప్రశ్న–జవాబు. జవాబులు ఇస్తున్నది నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మిక్సీలు, మోటార్లు బాగుచేసే ఒక మెకానిక్)

ప్రశ్న: మా ఇంటికి దగ్గర్లోనే రైస్ మిల్లులున్నాయి. నాలుగేళ్ల కింద ఆరు వేలు పెట్టి 1400 వాట్ల వాక్యూమ్ క్లీనర్ కొన్నాం, సంచి వేసే రకం. ఆదివారం ఆదివారం సోఫాలు, పరుపులు, కర్టెన్లు, కిటికీ జాలీలు అన్నీ కలిపి ఒక గంట నడుపుతాను. ఈ మధ్య సరిగ్గా లాగడం లేదు. మోత మాత్రం ముందుకన్నా ఎక్కువైంది, సన్నగా కీచుమంటోంది. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే మోటార్ పోయింది, మార్చడానికి 3,200 అవుతుంది అన్నారు. అంత పెట్టే బదులు 24,000 పెట్టి రోబో కొందామని మా అబ్బాయి. రెండూ వద్దు, చీపురు చాలని మా ఆయన. మీరేమంటారు?
– ఒక గృహిణి, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, మోటార్‌కు ఇప్పుడే డబ్బు కట్టకండి. సన్నగా కీచుమంటోంది అని రాశారు చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది. మోటార్ అరిగితే గరగర శబ్దం వస్తుంది, కాలిన వాసన వస్తుంది, ఆగి ఆగి నడుస్తుంది. కీచు పెరిగిందంటే మాత్రం చాలావరకు లోపలికి గాలి రావడం లేదని అర్థం. గాలి రానప్పుడు లోపలి ఫ్యానుకు తోసే పని తగ్గి, మోటార్ ఇంకా వేగంగా తిరుగుతుంది. పాపం, మోటార్ కష్టపడుతోందని మనం అనుకుంటాం. దానికి నిజానికి పనే తగ్గింది. కాకపోతే ఈ రకం మెషీన్లలో మోటార్‌ను చల్లబరిచేది కూడా ఆ పీల్చిన గాలే. అది రాక వేడెక్కుతుంది. నడుస్తూ నడుస్తూ దానంతటదే ఆగి, కాసేపు చల్లారాక మళ్లీ నడిస్తే, అది లోపలున్న థర్మల్ కటాఫ్, అంటే వేడెక్కితే ఆపేసే స్విచ్, చేసిన పని. దాన్ని చూసి కూడా కొందరు మోటార్ కాలిందని చెప్పేస్తారు.

ఇంట్లోనే చూసుకోండి. పైపు మొత్తం ఊడదీసి, మెషీన్ నోటి దగ్గర అరచెయ్యి పెట్టి ఆన్ చేయండి. అక్కడ గట్టిగా లాగుతుంటే అడ్డం పైపులో ఉంది. పైపులో పై నుంచి ఒక గోలీ వేయండి, కింద నుంచి రాకపోతే ఏదో ఇరుక్కున్నట్టే. నా దగ్గరికి వచ్చే పైపుల్లో ఎక్కువగా దొరికేవి హెయిర్ పిన్నులు, వాటి చుట్టూ ఉండ కట్టిన వెంట్రుకలు. నోటి దగ్గర కూడా లాగకపోతే స్విచ్ ఆపి, కొత్త సంచి వేసి, మోటార్ ముందుండే ఫిల్టర్ తీసి చూడండి. అది నల్లగా, జిడ్డుగా ఉంటుందని నేను పందెం కడతాను.

ఎందుకంటే మీది మిర్యాలగూడ. మీ ఊరి దుమ్ము మామూలు మట్టి దుమ్ము కాదు. అందులో తవుడు ఉంటుంది, తవుడులో నూనె ఉంటుంది, ఆ జిడ్డు సంచి కాగితం రంధ్రాలకు పట్టేస్తుంది. బయటికి చూస్తే సంచి సగమే నిండినట్టు ఉంటుంది, గాలి మాత్రం పోదు. ఇంకొకటి, బాయిలర్లలో ఊక కాల్చినప్పుడు ఎగిరే బూడిద. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండేదే. మెత్తగా కనిపిస్తుంది కానీ గీరుతుంది. చిరిగిన సంచిలోంచి, సరిగ్గా కూర్చోని ఫిల్టర్ సందులోంచి అది మోటార్‌లోకి పోతే కార్బన్లనూ (తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) బేరింగులనూ తినేస్తుంది. కొందరు సంచి అడుగు కత్తిరించి, దుమ్ము దులిపి, పిన్నులు కొట్టి మళ్లీ వాడతారు. ఎనభై రూపాయలు మిగులుతాయి. ఆ పిన్నుల సందుల్లోంచి దుమ్ము నేరుగా మోటార్‌లోకి వెళ్తుంది, ఆ ఖర్చు తర్వాత నా షాపులో కడతారు. అట్లా వచ్చే గిరాకీ నాకు మంచిదే కానీ, మీరు చేయకండి.

సరే, సంచి, ఫిల్టర్, పైపు అన్నీ బాగున్నా లాగకపోతే అప్పుడు కార్బన్లు చూడాలి. వాక్యూమ్ క్లీనర్‌లో ఉండేది మిక్సీ మోటార్ జాతే. రెండు కార్బన్ ముక్కలు కమ్యూటేటర్‌కు, అంటే మోటార్‌తో పాటు తిరిగే రాగి పట్టీల చుట్టుకు, రాసుకుంటూ అరుగుతాయి. పొట్టివైపోతే నిప్పురవ్వలు కనిపిస్తాయి, మోటార్ నీరసిస్తుంది. ఆ కొలత కార్బన్లు దొరికితే ఊళ్లో మంచి మిక్సీ మెకానిక్ ఎవరైనా వేస్తారు, కూలీతో కలిపి కొన్ని వందల్లో పని అయిపోతుంది. కార్బన్లు చూడకుండా మోటార్ మార్చాలని చెప్పిన చోట రెండో మాట అడగడం మీ హక్కు. వైండింగ్ (లోపలి తీగ చుట్ట) మాడినా, కమ్యూటేటర్ గాట్లు పడినా మోటార్ మార్చాల్సిందే, అందులో అనుమానం లేదు.

ఇప్పుడు మీ అబ్బాయి లెక్క చూద్దాం. బర్రెను కొనేటప్పుడు ధర ఒక్కటే అడిగి రాం కదా, దాణా ఎంత తింటుందో కూడా కనుక్కుంటాం. ఇదీ అంతే.

మీ మెషీన్ ఎనిమిదేళ్లు నడుస్తుందనుకుందాం. కొన్నది 6,000. సంచి ఒకటి ఎనభై చొప్పున ఏడాదికి ఎనిమిది వేస్తే 640, ఎనిమిదేళ్లకు 5,120. ఫిల్టర్లకు ఏడాదికి 400 అనుకుంటే 3,200. కరెంటు వారానికి గంట చొప్పున నెలకు సుమారు ఆరు యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా ఎనిమిదేళ్లకు 3,500 దాటదు. మధ్యలో ఒకసారి కార్బన్లు, ఒకసారి పైపు, వాటికి 2,000. అన్నీ కలిపితే 19,800 చిల్లర. ఏడాదికి దాదాపు రెండున్నర వేలు. కొన్న ధర మొత్తం ఖర్చులో మూడో వంతు కూడా కాదని గమనించండి. షాపులో మనం బేరమాడేది ఆ మూడో వంతు గురించే.

రోబోకు 24,000. ఐదేళ్లు అనుకుందాం. మధ్యలో ఒక బ్యాటరీ 3,500. పక్క బ్రష్షులు, మధ్య బ్రష్షు, ఫిల్టరు, తుడిచే గుడ్డలు కలిపి రెండో ఏడాది నుంచి ఏటా 1,500, అంటే 6,000. కరెంటు తక్కువే, మొత్తానికి ఒక వెయ్యి వేసుకోండి. 34,500 అయింది. ఏడాదికి దాదాపు ఏడు వేలు. ఈ అంకెలన్నీ నా అంచనాలు, మీ మోడల్ ధరలు వేసుకుని మళ్లీ కూడండి. ఎట్లా కూడినా పెద్దగా మారేది ఏమీ ఉండదు. పైగా రోబో సోఫా ఎక్కదు, కర్టెన్ దులపదు, పరుపు ముట్టదు. మీరు ఆదివారం చేసే పనిలో ఏ ఒక్కటీ అది చేయదు! రోజూ నేల ఊడ్వడానికి మనిషి దొరకని ఇంట్లో, మోకాళ్ల నొప్పులున్నవాళ్ల ఇంట్లో దాని విలువ వేరు, అక్కడ కాదనను. కానీ మన ఇళ్ల గడపలు చూశారుగా. ఈ రోబోలు మామూలుగా రెండు సెంటీమీటర్ల ఎత్తు దాటడానికే కష్టపడతాయి. పసుపు రాసి బొట్లు పెట్టిన గడప దగ్గర అది ఆగిపోతే, గది గదికీ ఎత్తి దించే పని మళ్లీ మీదే.

చీపురు చాలన్న మీ ఆయన మాట నేల వరకు నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. షాబాదు బండలకైనా టైల్స్‌కైనా చీపురు, తడిగుడ్డ చాలు. కానీ పరుపులో దుమ్మును చీపురు లేపుతుందే గానీ తీయదు. ఇంట్లో ఆయాసం, తుమ్ములు ఉన్నవాళ్లుంటే మెషీన్ ఉంచుకోండి.

గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇల్లయితే ఇంకో మాట. నెలకు 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లు కట్టాలి. వాక్యూమ్ తినే ఆరు యూనిట్లు లెక్కలోనివి కావు గానీ, ఎండాకాలం కూలర్లు నడిచి 195 దగ్గర ఉన్నవాళ్లు ఆ నెల చూసి వాడుకోండి.

ప్రశ్న: కొత్తది కొనాలనుకుంటున్నాం. 1200 వాట్లదా, 2000 వాట్లదా? ఎక్కువ వాట్లుంటే ఎక్కువ రోజులు వస్తుందా?
– ఒక టీచర్, దేవరకొండ

జవాబు: వాట్లు కరెంటు ఎంత తింటుందో చెబుతాయి, ఎంత పీలుస్తుందో చెప్పవు. యూరప్ దేశాల్లో 2017 సెప్టెంబర్ నుంచి ఇంటి వాక్యూమ్ క్లీనర్ 900 వాట్ల లోపే ఉండాలని నియమం. అక్కడివాళ్ల ఇళ్లల్లో తివాచీలు మనకన్నా ఎక్కువే, ఆ వాట్లతోనే శుభ్రం చేసుకుంటున్నారు. అదే నియమంలో నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. మోటార్ కనీసం 500 గంటలు నడవాలి, పైపును 40,000 సార్లు అటూ ఇటూ వంచినా పనికొచ్చేలా ఉండాలి. వారానికి గంట వాడే ఇంట్లో 500 గంటలంటే తొమ్మిదేళ్ల పైమాటే. మన షాపుల్లో ఈ అంకెలు ఎవరూ చెప్పరు, అడిగితే నవ్వుతారు. అందుకని వేరేవి అడగండి. సంచి ఉందా, ఫిల్టర్ ఉందా, పైపు విడిగా అమ్ముతారా, ఎంత? నల్లగొండలో దొరకక ప్రతిదానికీ హైదరాబాద్ పోవాల్సి వస్తే ఆ బస్సు ఖర్చు కూడా మెషీన్ ధరలో కలుపుకోండి. నేనైతే రెండేళ్లకు సరిపడా సంచులు అదే రోజు కొంటాను. మోడల్ ఆగిపోయిందంటే ముందు మాయమయ్యేవి అవే.

వాక్యూమ్ క్లీనర్లు అమ్మే యురేకా ఫోర్బ్స్ కంపెనీ 1982లో మొదలైంది. వాళ్ల సేల్స్‌మెన్ ఇంటింటికీ తిరిగి అమ్మిన ఆ పాత రకం యూరోక్లీన్‌లు ఇప్పటికీ అప్పుడప్పుడు నా బల్ల మీదికి వస్తాయి. తీగ మార్చి, కార్బన్లు వేస్తే తిరుగుతాయి. స్క్రూలతో బిగించిన బాడీ కాబట్టి విప్పగలుగుతున్నాను. లాకులతో అతికించిన కొత్త బాడీలు విప్పబోతే విరుగుతాయి. కొనేటప్పుడు మెషీన్ తిరగేసి స్క్రూలు కనిపిస్తున్నాయా చూడండి, షాపువాడు ఏమనుకున్నా సరే.

ప్రశ్న: అన్నా, రెండేళ్ల కింద కొన్న కార్డ్‌లెస్ వాక్యూమ్ ఇప్పుడు ఆరేడు నిమిషాలకే ఆగిపోతోంది. ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే పెట్టి ఉంచుతాను. మాది రేకుల గది. బ్యాటరీకి ఐదు వేలు అడుగుతున్నారు.
– ఒక యువకుడు, మహబూబ్‌నగర్

జవాబు: తమ్ముడూ, ఆ రేకుల గదే బ్యాటరీని తినేసింది. లిథియం బ్యాటరీకి వేడి పడదు, వేడిలో నిండా ఛార్జింగ్‌తో కూర్చోవడం అసలే పడదు. మన దగ్గర మే నెలలో బయటే 44, 45 డిగ్రీలు, రేకుల కింద ఎంత ఉంటుందో నీకే తెలుసు. మామూలుగా 300 నుంచి 500 నిండు ఛార్జింగుల తర్వాత ఈ బ్యాటరీ బలం తగ్గుతుంది, వేడిలో అంతకన్నా ముందే. బ్యాటరీ మార్చే ముందు ఫిల్టర్ ఒకసారి శుభ్రం చేసి చూడు. గాలి అందకపోతే కూడా మెషీన్ మధ్యలో ఆగిపోతుంది. ఫిల్టర్ బాగున్నా ఆగుతుంటే బ్యాటరీయే. తక్కువలో సెల్స్ మార్చి ఇస్తామని చెప్పే చోట ఆలోచించు. లోపలి రక్షణ సర్క్యూట్ తెలియకుండా అతికించిన ప్యాక్ అంటుకునే ప్రమాదం ఉంది. కొత్తది వేశాక ఇంట్లో చల్లగా ఉండే మూల పెట్టు, నిండగానే ప్లగ్ తీసెయ్. నెల రోజులు వాడనప్పుడు సగం ఛార్జింగ్ చాలు. కార్డ్‌లెస్ కొనేవాళ్లంతా ఈ ఐదు వేలను మూడేళ్లకోసారి వచ్చే ఖర్చుగా ముందే రాసుకోవాలి.

ప్రశ్న: ఫిల్టర్ బోరు నీళ్లతో కడిగితే తెల్లగా గట్టిపడుతోంది. పాడైనట్టేనా?
– ఒక పాఠకురాలు, నకిరేకల్

జవాబు: అది మన బోరు నీళ్ల ఉప్పు. నీళ్లు ఆరిపోతాయి, ఉప్పు ఫిల్టర్‌లో ఉండిపోయి రంధ్రాలు మూస్తుంది. మొదట బోరు నీళ్లతో కడిగినా, చివరి రెండు సార్లు భగీరథ నల్లా నీళ్లతో జాడించండి. ఆర్‌ఓ మెషీన్ వదిలే నీళ్లు ఉన్నాయి కదా అని వాటితో కడగకండి, వాటిలో ఉప్పు బోరు నీళ్లకన్నా ఎక్కువ. కడగొచ్చని రాసి ఉన్న ఫిల్టర్లనే కడగాలి. కాగితంతో చేసిన హెపా ఫిల్టర్‌ను (బాగా సన్నని దుమ్మును పట్టే రకం) తడిపితే ఇక పారేయడమే. కడిగింది నీడలో ఒక రోజంతా ఆరాలి, తడి ఫిల్టర్ వేసి నడిపితే తేమ మోటార్‌కు చేరుతుంది.

ప్రశ్న: ఇంటికి పుట్టీ పెట్టించాం. ఆ పొడి వాక్యూమ్‌తో తీయొచ్చా?
– ఒక పాఠకుడు, హాలియా

జవాబు: వద్దు. సిమెంట్, పుట్టీ, పొయ్యి బూడిద, ముగ్గుపిండి ఏదీ ఇంటి వాక్యూమ్‌తో తీయకూడదు. తడిగుడ్డ పెట్టండి.

ప్రశ్న: వారంటీ అయిపోయింది. ఏడాదికి 1,500 కట్టి ఏఎంసీ (ఏడాది పొడవునా మరమ్మతు చేసే ఒప్పందం) తీసుకోమని ఫోన్లు వస్తున్నాయి. తీసుకోనా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, సూర్యాపేట

జవాబు: సార్, సంచి, ఫిల్టర్, పైపు, బ్రష్షు అందులో ఉన్నాయా అని ఒక్క మాట అడగండి. చాలా ఏఎంసీల్లో ఉండవు, ఇంట్లో తరచూ పోయేవి మాత్రం అవే. మిగిలేది మోటార్. నాలుగేళ్లు కడితే ఆరు వేలు, కొత్త మెషీన్ ధర. మోటార్ కూడా కలిపి ఇస్తామంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. ఫోన్‌లో చెప్పింది నిలబడదు. కట్టిన తర్వాత ఎవరూ రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. ఇక ఎవరి దగ్గర ఏ పార్టు మార్పించినా పాతది అడిగి తెచ్చుకోండి, నా షాపులోనైనా సరే.