పాపకిచ్చే క్యాన్సర్ ఇంజెక్షన్ బ్యాక్టీరియా నుంచి వస్తుందంటే భయపడాలా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. మా పాపకి ఆరేళ్లు. ఏఎల్ఎల్ రకం బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. హైదరాబాద్‌లో కీమో నడుస్తోంది. అందులో భాగంగా ఆస్పరాజినేజ్ అనే ఇంజెక్షన్ ఇస్తున్నారు. అది ఈ-కోలై బ్యాక్టీరియా నుంచి తీస్తారని చదివినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. కలుషిత నీళ్లలో ఉండేది అదే కదా? మా బావమరిది ఎమ్మెస్సీ బయోటెక్ చదువుతున్నాడు. వాళ్ల ల్యాబ్‌లో అజురిన్ అనే క్యాన్సర్‌ని చంపే ప్రోటీన్‌కి ట్యాగ్ తగిలించి, బ్యాక్టీరియానే దాన్ని బయటికి వదిలేలా చేస్తున్నారట. అలాంటి బ్యాక్టీరియాని మింగిస్తే కీమో బాధ తప్పుతుందేమోనని ఇంట్లో అనుకుంటున్నాం. ఈలోగా ఆన్‌లైన్‌లో ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ తెప్పించాం. ఇవ్వచ్చా?

జవాబు: ముందు క్యాప్సూల్స్ సంగతి. పాపకి చికిత్స చేస్తున్న డాక్టర్ చూసి సరేననేదాకా ఒక్కటి కూడా వెయ్యకండి. వాటిలో ఉండేది బతికున్న బ్యాక్టీరియానే. కీమోలో తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. మామూలు పిల్లలకి ఏమీ చెయ్యని బ్యాక్టీరియా కూడా ఆ రోజుల్లో రక్తంలోకి చేరి ప్రాణం మీదికి తేవచ్చు. ఇప్పటికే వేసి ఉంటే దాచుకోకుండా ఈరోజే వాళ్లకి చెప్పండి.

ఇక ఇంజెక్షన్. ఆ చిన్న సీసాలో బ్యాక్టీరియా ఉండదు. అది తయారుచేసిన ప్రోటీన్ ఒక్కటే ఉంటుంది. తేనె తింటే తేనెటీగని తిన్నట్టు కాదు కదా, ఇదీ అంతే. ఈ-కోలైలో చాలా రకాలున్నాయి. విరేచనాలు తెచ్చేవి వాటిలో కొన్నే. మనందరి పేగుల్లోనూ హాని చెయ్యని ఈ-కోలై ఉంటుంది. షుగర్ పేషెంట్లు వాడే హ్యూమన్ ఇన్సులిన్‌ని మొదట తయారుచేసింది కూడా ఈ-కోలైతోనే. అమెరికాలో 1982లో దానికి అనుమతి వచ్చింది.

ఆస్పరాజినేజ్ కథ గినీపిగ్‌లతో మొదలైంది. 1953లో కిడ్ అనే శాస్త్రవేత్త గినీపిగ్ రక్తంలోని సీరమ్‌ని లింఫోమా అనే క్యాన్సర్ ఉన్న ఎలుకలకి ఇస్తే కణితులు కరిగాయి. ఆ పని చేసింది ఆస్పరాజినేజ్ అనే ఎంజైమేనని (ఎంజైమ్ అంటే రసాయన మార్పులు చేసే ప్రోటీన్) 1961లో బ్రూమ్ గుర్తించారు. మందుకి సరిపడా గినీపిగ్‌లని ఎక్కడి నుంచి తెస్తాం? అదే పనిచేసే ఎంజైమ్ ఈ-కోలైలోనూ ఉందని 1964లో తేలాకే దారి దొరికింది. బ్యాక్టీరియాని పెద్ద పెద్ద ట్యాంకుల్లో కావలసినంత పెంచుకోవచ్చు.

మీ పాప ఒంట్లో అది చేసే పని ఇది. ప్రతి కణానికీ ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం, అంటే ప్రోటీన్లు కట్టే ఇటుకల్లో ఒకటి, కావాలి. మంచి కణాలు దాన్ని సొంతంగా చేసుకోగలవు. లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్, కణాల్లో చాలావాటికి ఆ శక్తి తక్కువ, రక్తంలో దొరికేదాని మీదే బతుకుతాయి. ఇంజెక్షన్ రక్తంలోని ఆస్పరాజిన్‌ని విరగ్గొట్టేస్తుంది. తిండి దొరక్క ఆ కణాలు చస్తాయి. పిల్లల ఏఎల్ఎల్ చికిత్సలో ఇది మూలస్తంభం లాంటి మందు. అందుకే భయంతో ఒక్క డోసు కూడా మానిపించవద్దని ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ బావమరిది చెప్పింది నిజమే, అబద్ధం కాదు. బ్యాక్టీరియా లోపల వేల రకాల ప్రోటీన్లుంటాయి. వాటిలోంచి మనకి కావలసినదాన్ని ఏరడం చాలా కష్టం. అందుకని జన్యువులోనే ఒక చిన్న తోక రాసిపెడతారు. ఎక్కువగా వాడేది వరసగా ఆరు హిస్టిడిన్లు (ఇదీ ఒక అమైనో ఆమ్లమే). నికెల్ పూసిన పూసల మధ్య నుంచి ద్రవాన్ని పోస్తే ఆ తోక నికెల్‌ని అంటుకుంటుంది, మిగతా చెత్త కారిపోతుంది. ట్యాగ్ అంటే ఇదే. దానికదిగా క్యాన్సర్‌ని చంపదు. అది ఏరుకోవడానికి పెట్టిన గుర్తు. బయటికి వదిలేలా చెయ్యడానికి మరో తోక, సిగ్నల్ పెప్టైడ్, ముందువైపు తగిలిస్తారు. ప్రోటీన్ బ్యాక్టీరియా పొరని దాటగానే ఆ తోక తెగిపోతుంది. కొబ్బరికాయ పగలగొట్టకుండానే నీళ్లు బయటికొచ్చినట్టన్నమాట, శుద్ధి సులువవుతుంది. ఇది మనిషి కొత్తగా కనిపెట్టిన కిటుకేమీ కాదు. పాపకిచ్చే ఆస్పరాజినేజ్‌ని ఈ-కోలై తన రెండు పొరల మధ్యకి పంపేదీ 22 అమైనో ఆమ్లాల ఇలాంటి తోకతోనే.

అజురిన్ సంగతి వేరు. అది సూడోమోనాస్ ఏరుగినోసా అనే బ్యాక్టీరియా ప్రోటీన్. కీమో వార్డుల్లో మేం ఎక్కువగా భయపడే క్రిముల్లో అదొకటి, కాబట్టి ఆ క్రిమిని మింగించే ఆలోచన కలలో కూడా వద్దు. ప్రోటీన్‌ని విడిగా తీసి చూస్తే క్యాన్సర్ కణాల్లోకి చొరబడుతుందని చికాగోలో ఆనందమోహన్ చక్రవర్తి బృందం చూపింది. అందులోని 28 అమైనో ఆమ్లాల ముక్కని ముదిరిన క్యాన్సర్ ఉన్న 15 మందికి తొలిదశ ట్రయల్‌లో ఇచ్చి చూశారు. ఆ దశలో చూసేది ముఖ్యంగా మందు తట్టుకుంటారా, ఎంత డోసు ఇవ్వచ్చు అన్నది. మీ పాప జబ్బుకి వాడే మందుల్లో అది లేదు. బతికున్న బ్యాక్టీరియానే కణితిలోకి పంపి మందు వదిలించే ప్రయోగాలు కూడా సాగుతున్నాయి. 2019లో కొలంబియా యూనివర్సిటీ వాళ్లు ఎలుకల్లో చేసి చూపించారు. నాకు వాటి మీద చాలా ఆశ ఉంది. కానీ ఆ ఆశని మీ పాప మీద ప్రయోగించలేం.

బ్యాక్టీరియా నుంచి వచ్చినందువల్ల ఒక నిజమైన ఇబ్బంది ఉంది. ఒళ్లు ఆ ప్రోటీన్‌ని పరాయిదిగా గుర్తుపట్టి అలర్జీ తెచ్చుకోవచ్చు. ఇంజెక్షన్ అయ్యాక సుమారు గంటసేపు వార్డులోనే కూర్చోమనేది అందుకే. బస్సు టైమైందని లేచి వచ్చెయ్యకండి. దద్దుర్లు, పెదవుల వాపు, దగ్గు, ఆయాసం కనబడితే వెంటనే నర్సుని పిలవండి. అలర్జీ వస్తే దారి మూసుకుపోదు, ఎర్వినియా అనే ఇంకో బ్యాక్టీరియా నుంచి తీసిన రకం ఉంది. ఒక్కోసారి పైకి ఏమీ కనబడకుండానే ఒళ్లు మందుని నిర్వీర్యం చేసేస్తుంది. రక్తంలో ఎంజైమ్ పనిచేస్తోందో లేదో చూసే పరీక్ష వీలవుతుందా అని డాక్టర్‌ని అడగండి. మందు బయట కొని తెమ్మంటే రాసిన బ్రాండే కొనండి, ఐస్ బాక్స్‌లో పెట్టి తీసుకెళ్లండి.

ఇంటికొచ్చాక పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పాకే నొప్పి, ఆగని వాంతులు ఉంటే క్లోమం వాచి ఉండవచ్చు. గట్టి తలనొప్పి, ఫిట్స్, ఒక కాలో చెయ్యో వాచడం రక్తం గడ్డకట్టిన లక్షణాలు కావచ్చు. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. ఖమ్మం నుంచి హైదరాబాద్ దాదాపు 200 కిలోమీటర్లు. రాత్రివేళ అలా జరిగితే ముందు ఎక్కడికి వెళ్లాలి, మొదటి యాంటీబయోటిక్ దగ్గర్లో ఎవరు ఇస్తారు అన్నది ఈసారి వెళ్లినప్పుడే మీ డాక్టర్‌తో మాట్లాడి కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం ఫైల్‌లో అన్నిటికంటే పైన ఉండాలి.