సీఎమ్1 పరీక్షకు నేను పెట్టుకున్న బాకీల పుస్తకం

మీరు అడిగింది ఇది: బీఎస్సీ మ్యాథ్స్ అయింది, ఉద్యోగం చేస్తూ యాక్చువరీ పరీక్షల్లో (బీమా, పెన్షన్ల లెక్కలు కట్టే వాళ్లకు పెట్టేవి) సీఎమ్1 అనే పేపరు రాయాలి, రోజుకు ఎన్ని గంటలు చదవాలి, టైమ్‌టేబుల్ ఎలా వేసుకోవాలి అని.

గంటల సంగతి ముందు చెప్పేస్తాను. పొద్దున ఐదు నుంచి ఆరున్నర దాకా, గంటన్నర. నేను కడపలో ఉద్యోగం చేసుకుంటూ రాశాను. మార్చి దాటిందంటే తొమ్మిదింటికే ఫ్యాను కింద కూర్చున్నా ముంజేయి కాగితానికి అతుక్కుంటుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక లెక్క తలకెక్కదు. నాలుగు గంటలు, ఐదు గంటలు అని నేను గీసుకున్న టైమ్‌టేబుళ్లు ఒక్కటీ వారం నిలబడలేదు.

మొదటిసారి ఫెయిలయ్యాను, రెండోసారీ ఫెయిలయ్యాను. చదవక కాదు. స్కెచ్ పెన్నులతో చార్టు గీసి గోడకు అంటించాను, అధ్యాయం అయిన ప్రతిసారీ టిక్కు పెట్టాను. అన్ని టిక్కులూ పడ్డాయి. పరీక్ష పోయింది.

రెండో ఫలితం వచ్చాక సంక్రాంతికి ప్రొద్దుటూరు వెళ్లాను. మా మామకు అక్కడ కిరాణా అంగడి ఉంది. గల్లాపెట్టె పక్కన కూర్చుంటే అడిగాడు:

"ఏమబ్బీ, పరీక్ష ఏమాయ?"

"పోయింది మామా. టైమ్ చాల్లేదు."

"అది కాదు నేనడిగేది. ఏ లెక్కలు తప్పినావు?"

నా దగ్గర జవాబు లేదు. యాన్యుటీలు, అంటే వాయిదాల్లో కట్టే డబ్బు లెక్కలు, కొంచెం వీక్ మామా, అన్నాను. ఆయన ఎర్ర అట్ట పుస్తకం నా ముందుకు తోశాడు. పొడుగు పుస్తకం, దారానికి కట్టిన పెన్ను. పేజీకో మనిషి పేరు, తేదీ, సరుకు, మొత్తం. "ఎవురు ఎంత బాకీ ఉండారో తెలీకుండా అంగడి ఎట్ల నడిపేది?" అన్నాడు.

అప్పుడే ఒకాయన వచ్చి రెండు వందలు ఇచ్చి, మిగతాది వచ్చే వారం ఇస్తానన్నాడు. మామ '200 జమ' అని రాసుకున్నాడే గానీ ఆ పద్దు మీద గీత కొట్టలేదు. నేను అదే చూస్తూ కూర్చున్నా. నేనైతే ఆ రెండు వందలకే టిక్కు పెట్టేసేవాణ్ణి.

ఆ మధ్యాహ్నమే కూర్చుని గుర్తున్నంత వరకు నా తప్పులు రాయడం మొదలుపెట్టాను. మొదటి అటెంప్టులో ఒక లెక్క, నెలనెలా కట్టే డబ్బుది. కట్టేది నెల మొదట్లోనా, చివర్లోనా అన్నది చూసుకోలేదు. పుస్తకంలో ఇంగ్లిష్ 'a' గుర్తు మీద రెండు చుక్కలు ఉంటే మొదట్లో కట్టేది, చుక్కలు లేకపోతే చివర్లో కట్టేది. రెండో అటెంప్టులోనూ సరిగ్గా ఆ రెండు చుక్కలే వదిలేశాను. డిగ్రీలో ఉన్నప్పటి నోట్సు తీసి చూస్తే అక్కడా అదే తప్పు, ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి ఉంది.

మామకు లెక్క చెప్పాను. నెలకు వెయ్యి చొప్పున పన్నెండు నెలలు, వడ్డీ నూటికి రూపాయి. నెల చివర కడితే ఈ రోజు విలువ, అంటే ఆ వాయిదాలన్నిటికీ బదులు ఇప్పుడే ఒకేసారి ఇస్తే సరిపోయే మొత్తం, 11,255 రూపాయలు, మొదట్లో కడితే 11,368. "చీటీ ఎప్పుడు కట్టాలో అడక్కుండా చీటీ ఎట్ల ఏస్తావబ్బీ?" అన్నాడు. నిజమే. చీటీలు వేసే ఊర్లో పుట్టి పెరిగిన నాకు మూడుసార్లు తప్పిన లెక్క అది.

ఇక్కడొక మాట చెప్పాలి. మన పుస్తకాలూ వీడియోలూ ఈ పాఠాన్ని ఎక్కడో విదేశంలో ఇంటి అప్పుతో మొదలుపెడతాయి. నూటికి రూపాయి అంటే ఏడాదికి 12 శాతమే అనుకుంటాం, నెలనెలా వడ్డీ మీద వడ్డీ పడితే అది 12.68 శాతం అవుతుంది. నామినల్ రేటుకూ (పైకి చెప్పేది) ఎఫెక్టివ్ రేటుకూ (నిజంగా పడేది) ఉన్న తేడా అంతా ఇందులో ఉంది. ఇది ప్రొద్దుటూరులో ఏ వడ్డీ వ్యాపారిని అడిగినా చెబుతాడు, క్లాసులో మాత్రం ఎవరూ ఇలా చెప్పరు. తెలుగు మీడియం పిల్లలకు ఈ పరీక్ష కష్టం అనే వాళ్ల మీద నాకు నిజంగా కోపం వస్తుంది.

ఇక పుస్తకం పెట్టుకునే పద్ధతి. తప్పిన ప్రతి లెక్కా ఒక బాకీ. తేదీ, ఏ పేపరులో ఏ ప్రశ్న, ఎక్కడ తప్పానో ఒకే వాక్యం. 'ఫార్ములా తెలియలేదు' అని రాయకూడదు. 'ముందుగా కట్టేదని చూసుకోలేదు', 'బీమా పాలసీ విలువలో ఒక ఏడాది తక్కువ లెక్కేశాను' అన్నట్టు ఉండాలి. తర్వాత మూడు వాయిదాలు: మూడో రోజు, పదో రోజు, నెల రోజులకు. ప్రతిసారీ తెల్ల కాగితం మీద, గడియారం పెట్టుకుని, జవాబు చూడకుండా చేయాలి. మూడు వాయిదాలూ తీరితేనే గీత కొట్టాలి. మధ్యలో ఒకటి తప్పితే మళ్లీ మూడో రోజు నుంచి మొదలు. ఆదివారం పొద్దున కొత్త పాఠం ఉండదు, ఆ రోజు వసూళ్లే.

లెక్కలకు గైడ్లు కొనకండి. ఈ పరీక్షలు పెట్టే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా వాళ్లు పాత ప్రశ్నపత్రాలు, వాటి సమాధానాలు వెబ్‌సైట్లోనే పెడతారు. అవి చాలు. డిగ్రీలో మనకు అలవాటైన 'ఇంపార్టెంట్ ప్రశ్నలు' అనే జబ్బు ఇక్కడ పనికిరాదు. ఫార్ములాలు బట్టీ పట్టడం కూడా దండగ, మాకు పరీక్షలో పట్టికల పుస్తకం వాడుకోనిచ్చారు. ఏ ఫార్ములా ఎక్కడ వాడాలో తెలియడమే పని.

సీఎమ్1లో రెండో భాగం కంప్యూటర్ మీద ఎక్సెల్‌లో చేయాలి. దానికి వేరే బాకీల పుస్తకం పెట్టాను, ఎందుకంటే అక్కడి తప్పులు వేరు. సెల్‌కు డాలర్ గుర్తు (ఫార్ములా లాగినా ఆ సెల్ మారకుండా పట్టి ఉంచేది) పెట్టకుండా ఫార్ములా కిందికి లాగేయడం ఒక్కటే నాకు ఎన్నిసార్లు జరిగిందో.

ఈ పరీక్షల్లో ఫెయిలయ్యే వాళ్లలో చాలామంది లెక్క తెలియక ఫెయిలవడం లేదు, తెలిసిన తప్పే మళ్లీ చేసి ఫెయిలవుతున్నారని నేను గట్టిగా నమ్ముతాను. నా మూడో అటెంప్టుకు ముందు పుస్తకంలో గీత పడనివి నాలుగే మిగిలాయి. మొదటి నెలలో మాత్రం పేజీలు పేజీలు నిండుతాయి. భయపడకండి, మామ అంగడి పుస్తకం కూడా అట్లే ఉంటుంది.

నోట్‌బుక్కు 200 పేజీలది, కుట్టు బైండింగుది తీసుకోండి. స్పైరల్ది వద్దు, తప్పు కనబడినప్పుడు పేజీ చించేయాలనిపిస్తుంది.