డబ్బా పాలు పెంచే ముందు మీ ఊరి ఆశా వర్కర్‌ని పిలవండి

మీ చెల్లికి ఆపరేషన్ కాన్పయి పది రోజులు, పాలు చాలడం లేదని డబ్బా పాలు మొదలుపెట్టారు, హైదరాబాద్ ల్యాక్టేషన్ కన్సల్టెంట్ (పాలివ్వడం నేర్పే నిపుణురాలు) వీడియో కాల్‌కి 2,000 అడుగుతోంది, పాలివ్వడం నేర్చుకోవడం కూడా డబ్బున్నవాళ్లకేనా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. నాకు జరిగింది చెబుతాను, అందులో మీకు పనికొచ్చేది తీసుకోండి.

మాది నరసరావుపేట దగ్గర పల్లె. 2023 నవంబరులో మా వీధిలో ముగ్గురం కొద్ది రోజుల తేడాలో కన్నాం. నేను, పక్కింట్లోనే ఉండే మా తోడికోడలు, మా పొలంలో మిరప కోతలకు వచ్చే ఒకామె.

నాది టౌన్లో ప్రైవేటు నర్సింగ్ హోమ్, సిజేరియన్. పాపను నా పక్కలో పడుకోబెట్టేసరికి ఐదు గంటలు దాటింది, అప్పటికే సీసా పట్టేశారు. మూడో రోజు రాత్రికి రొమ్ములు రాళ్లలా బిగుసుకుపోయాయి, చనుమొనలు చిట్లి నెత్తురు. పాప నోట పెట్టుకుంటే ప్రాణం పోయినంత పని. నర్సు వచ్చి ఒకసారి నొక్కి చూసి, "నీకింకా పాలు పడలేదమ్మా" అని వెళ్లిపోయింది. డిశ్చార్జి చీటీలో ఐరన్ మాత్రల కింద డబ్బా పాల పేరు కూడా రాసిచ్చారు, మందన్నట్టు. డబ్బా పాలకు ప్రకటనలు ఇవ్వకూడదని, తల్లులకు ఉచితంగా పంచకూడదని 1992లోనే చట్టం తెచ్చారు, 2003లో దాన్ని ఇంకా బిగించారు. మాకెవరూ ఉచితంగా ఇవ్వలేదు లెండి, కింద మెడికల్ షాపులో డబ్బులిచ్చే కొన్నాం.

ఇంటికొచ్చాక మా అత్తగారు వెల్లుల్లి కారం, మా అమ్మ బొప్పాయి కూర, బాపట్ల నుంచి మా పిన్ని సొర పిట్టు. పాలు పడాలని నాకు నాలుగు వైపుల నుంచీ తిండి వచ్చింది. పాప రొమ్ము ఎలా పట్టుకుంటోందో వంగి చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. "మాకెవరు నేర్పారే" అనేది అమ్మ. ఆమెకి నేర్పారు, ఆమెకి గుర్తులేదంతే. పుట్టింట్లో మా అమ్మమ్మ, మంత్రసాని ఇద్దరూ పక్కనే ఉన్నారట.

మా తోడికోడలు ప్రభుత్వాసుపత్రికి వెళ్లింది. వేరుపడ్డాక వాళ్లకి చేతిలో డబ్బు ఆడటం లేదు. అక్కడి బాత్రూముల గురించి చెప్పకపోవడమే మంచిది. కానీ కాన్పు బల్ల మీదే బిడ్డను ఆమె గుండెల మీద పెట్టి ముర్రుపాలు పట్టించారు. ఇంటికొచ్చాక ఆశా వర్కర్ వచ్చింది: మూడో రోజు, ఏడో రోజు, ఆ తర్వాత 14, 21, 28, 42. ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డకు ఈ ఆరుసార్లు ఇంటికి రావాలి, సిజేరియనై ఆలస్యంగా ఇంటికొస్తే ఏడో రోజు నుంచి ఐదుసార్లు. ప్రైవేటులో పుట్టినా సరే. నాకది తెలియదు. ఆవిడ మా గేటు ముందు నుంచే పక్కింటికి వెళ్లేది, నేను కిటికీలోంచి చూస్తూ ఉండేదాన్ని.

పదకొండో రోజు ఇక తట్టుకోలేక గోడ మీద నుంచి పిలిచాను. మా అత్తగారు వరండాలో కుర్చీ వేశారు. ఆశా ఆ కుర్చీని చూసి, చెప్పులు విడిచి, లోపలికి వచ్చి నా మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఇన్నాళ్లూ మా ఇంటికి ఎందుకు రాలేదంటే, "ప్రైవేటులో కన్నోళ్ల ఇళ్లకి పోతే గుమ్మంలోనే మాట్లాడి పంపించేస్తారమ్మా, మీ ఇంట్లో పోయినసారి అదే జరిగింది" అంది. పోయినసారి అంటే మా ఆడపడుచు కాన్పు. ఆశా అంటే కాలనీ వాళ్లకి అని మా ఇంట్లో అనుకునే మాట నేనూ విన్నాను, నేనూ ఊరుకున్నాను.

ఆవిడ చేసింది పావుగంట పని. పాపను నా పొట్ట మీదకి రాకుండా చంక కిందుగా పట్టించింది, కుట్లు నొప్పి పెట్టకుండా. నోరు ఆవలించినట్టు పూర్తిగా తెరిచేదాకా ఆగమంది. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగంలో ఎక్కువ నోట్లోకి పోవాలి, గడ్డం రొమ్ముకి ఆనాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. అలా పట్టాక నొప్పి సగానికి సగం తగ్గింది, కాసేపటికి పాలు చేపుకొచ్చాయి, పాప గుటకలు నాకే వినిపించాయి. నేను ఏడ్చాను, బాలింతలు ఏడవకూడదని అత్తగారు కసిరారు.

మీ చెల్లికి పది రోజులే, ఆలస్యమేమీ కాలేదు. రొమ్ము ఖాళీ అయ్యేకొద్దీ పాలు ఊరతాయి. కాబట్టి రాత్రిళ్లతో కలిపి రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పట్టించమనండి. పట్టలేనప్పుడు చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో పోయొచ్చు, సీసా అక్కర్లేదు. డబ్బా మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు, పిల్లల డాక్టరు దగ్గర బరువు చూపించుకుంటూ తగ్గించాలి. బిడ్డ రోజుకి ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోసి, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకి వస్తే పాలు అందుతున్నట్టే. మత్తుగా పడుకుని తాగకపోయినా, ఒళ్లు పచ్చబడినా, మూత్రం తగ్గినా ఎవరి సలహా కోసమూ చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కన్సల్టెంట్ దండగ అనను. గచ్చిబౌలిలో ఉండే మా పెదనాన్న కూతురికి నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, ఆమెకి కన్సల్టెంట్ మూడుసార్లు ఇంటికొచ్చింది, నిజంగా ఉపయోగపడింది. ఉద్యోగం కాబట్టి ఆమెకి 26 వారాలు జీతంతో సెలవు కూడా ఉంది, 2017లో పెంచారు కదా. మీరూ ముందు ఆశాకి, ఏఎన్ఎంకి (ఊరి ఆరోగ్య కేంద్రం నర్సుకి) చూపించుకుని, రెండు మూడు రోజుల్లో దారికి రాకపోతే అప్పుడు ఆ 2,000 పెట్టండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలో కాన్పుల్లో 42 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా సిజేరియన్లే. అంటే మీ చెల్లిలాంటి వాళ్లు వీధికొకరు ఉన్నారు. అటు కన్సల్టెంట్ అందదు, ఇటు ఆశా గుర్తురాదు.

అయితే మూడో ఆమె సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే "డబ్బున్నవాళ్లకేనా" అనే మీ ప్రశ్నకి అసలు జవాబు అక్కడుంది. ఆమెకి నేర్పాల్సిందేమీ లేదు. పాలు పుష్కలం, పట్టు బాగుంది, ఆశా అన్నిసార్లూ వెళ్లింది. రెండో కాన్పు, మగపిల్లాడు. ప్రధానమంత్రి మాతృ వందన పథకం కింద మొదటి కాన్పుకి 5,000 ఇస్తారు, రెండో కాన్పుకి ఆడపిల్లయితేనే ఇస్తారు. పిల్లాడికి మూడో నెల రాగానే కోతలకు వచ్చేసింది. పొద్దున్నే ఆటో ఎక్కితే మళ్లీ సాయంత్రమే. మిరప కోసిన చేతులు ఎంత కడిగినా మంట పోదు, ఆ చేతులతో పసివాణ్ని ముట్టుకోలేదు కాబట్టి వాణ్ని చేలోకి తెచ్చుకోలేదు. మధ్యాహ్నం రవిక తడిసిపోతుంటే గట్టు వెనక్కి వెళ్లి మోచేత్తో ఒత్తుకుని నేలపాలు చేసేది. ఇంటి దగ్గర పిల్లాడికి వాళ్లత్త డబ్బా కలిపి పోసేది, డబ్బా త్వరగా అయిపోకుండా పల్చగా. ఆ పొలం మాదే. నేను అప్పటికి నా పాపకి రోజుకి పదిసార్లు పడుతున్నాను.

మీ ఆశా వర్కర్ నంబరు అంగన్‌వాడీలో అడిగితే ఇస్తారు. ఈ రోజే ఫోన్ చేయండి. వచ్చినప్పుడు కుర్చీ చెల్లి మంచం పక్కన వేయించండి.