మానవ చరిత్ర ఎక్కడ మొదలుపెట్టాలి? నేనైతే పల్లావరం అంటాను

ఆదిమానవుడి నుంచి తెల్లవాళ్ల కోటల దాకా మానవ చరిత్ర ఒక వరుసలో అర్థం కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, పుస్తకం తెరిస్తే రాజుల పేర్లు, తేదీలతో తల తిరుగుతోంది అని అడిగారు. మీరు ఉండేది చెన్నైలోనే అన్నారు కాబట్టి చెబుతున్నాను. కొన్నాళ్లు పుస్తకం పక్కన పెట్టి పల్లావరం నుంచి మొదలుపెట్టండి.

మాది గుంటూరు జిల్లా. పద్దెనిమిదేళ్లుగా క్రోంపేటలో ఉంటున్నాం. రోజూ లోకల్ రైల్లో పల్లావరం మీదుగానే ఆఫీసుకు వెళ్తాను. ఆ ఊరి సంగతి మాత్రం చాలా ఏళ్లు తెలియదు. 1863 మే 30న, భూగర్భ పరిశోధన సంస్థ జియలాజికల్ సర్వేలో పనిచేసే రాబర్ట్ బ్రూస్ ఫుట్ అక్కడి కంకర గోతిలో ఒక చెక్కిన రాయిని గుర్తుపట్టాడు. అది పాత రాతియుగపు చేతిగొడ్డలి. మన దేశపు పాత రాతియుగం గురించిన అధ్యయనానికి నాంది ఆ రాయే. అదే ఏడాది సెప్టెంబరులో ఆయన, విలియం కింగ్ కలిసి అత్తిరంపాక్కం అనే చోటు కనుక్కున్నారు. చెన్నైకి సుమారు 60 కిలోమీటర్ల దూరం, కొసస్తలై నది పక్కన. నగరి వైపు మనవాళ్లు కుశస్థలి అనేది ఆ నదినే.

అత్తిరంపాక్కంలో 1999 నుంచి పురావస్తు శాస్త్రవేత్త శాంతి పప్పు బృందం తవ్వకాలు జరిపింది. అక్కడి చేతిగొడ్డళ్ల వయసు సుమారు 15 లక్షల ఏళ్లని 2011లో ప్రకటించారు. రాయికి వయసు ఎలా కడతారన్నది నాకు చాలాకాలం పట్టుకున్న సందేహం. నేల పైన ఉన్నంతకాలం అంతరిక్ష కిరణాలు తగిలి రాతిలో కొన్ని అరుదైన పరమాణువులు పుడతాయి. రాయి మట్టిలో లోతుగా కూరుకుపోయాక కొత్తవి పుట్టడం దాదాపు ఆగిపోతుంది, పాతవి ఒక లెక్క ప్రకారం తరిగిపోతూ ఉంటాయి. ఎంత మిగిలిందో కొలిస్తే ఎప్పుడు పూడిపోయిందో తెలుస్తుంది. ఇది అర్థమైన రోజు నుంచి తేదీలంటే నాకు భయం పోయింది.

ఆ రాళ్లు చెక్కింది మన జాతి (హోమో సేపియన్స్) మనుషులు కాదు, అప్పటికి మనం పుట్టనే లేదు. ఎవరన్నది చెప్పడానికి అక్కడ మనిషి ఎముక ఒక్కటి కూడా దొరకలేదు. జంతువుల గిట్టల గుర్తులు, కొన్ని పళ్లు దొరికాయి. అయినా ఆ గొడ్డలి చూస్తే చెక్కినవాడి ఆలోచన కనిపిస్తుంది. బాదంగింజ ఆకారం, రెండు వైపులా సమానంగా చెక్కుళ్లు. రాయి పగలగొట్టేముందే ఆకారం వాడి మనసులో ఉండాలి కదా! నాకు చరిత్ర మొదలయ్యేది అక్కడే.

మా అబ్బాయి ఆరో తరగతిలో ఉన్నప్పుడు పాఠంలో రాతియుగానికి రెండు పేజీలు, మిగతా పుస్తకమంతా రాజ్యాలు. వాడికి ఆ నిష్పత్తి తప్పని చూపించాలనిపించింది. అపార్ట్‌మెంట్ మేడ మీద సుద్దముక్కతో 15 మీటర్ల గీత గీశాం. వెయ్యేళ్లకు ఒక సెంటీమీటరు. గీత మొదట్లో అత్తిరంపాక్కం. మన జాతి మనిషి వచ్చేది చివరి మూడు మీటర్లలో. వ్యవసాయం చివరి 12 సెంటీమీటర్లు, జానెడు కూడా కాదు. రాత పుట్టింది చివరి ఐదారు సెంటీమీటర్లలో. అంటే సుమేరియా నాగరికత, ఈజిప్టు పిరమిడ్లు, హరప్పా పట్టణాలు, అశోకుడు, రోము, చోళులు, విజయనగరం అన్నీ కలిపి బెత్తెడు లోపే. మద్రాసు నగరం సుద్దగీత మందమంత. వాడు గీత మొదటికి నడిచి వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. మీరూ ఒకసారి గీసి చూడండి. తరవాత ఏది చదివినా ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

ఆపైన ఎగ్మోర్ మ్యూజియం. ఫుట్ సేకరణ 1904లో ఈ మ్యూజియానికే చేరింది. తమిళనాడు దక్షిణాన ఉన్న ఆదిచ్చనల్లూరులో దొరికిన సమాధి కుండలు చూడండి. మన వైపు పెద్ద రాళ్ల సమాధులను రాక్షసగుళ్లు అంటామే, అవి కట్టిన ఇనుపయుగపు మనుషులూ చచ్చిపోయినవాళ్లకు గిన్నెలు, ఆయుధాలు తోడిచ్చి పంపేవాళ్లు. మరో చోట అమరావతి శిల్పాలు. పుట్టిన జిల్లాలో ఉండగా నేను స్తూపం దిబ్బ తప్ప ఏమీ చూడలేదు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఇంగ్లీషు అధికారి తవ్వించి మద్రాసుకు తరలించిన రాళ్లివి. కొన్ని ఇక్కడి నుంచి లండన్ దాకా పోయాయి. మొదటిసారి చూసినప్పుడు కళ్లనీళ్లు వచ్చాయి. ఇప్పుడూ అక్కడ నిలబడితే గొంతు పట్టేస్తుంది.

ఇక ఆధునిక యుగపు తొలిరోజులకు రాజుల జాబితా వద్దు, ఒక్క వస్తువును పట్టుకోండి. నేను మిరపకాయను పట్టుకున్నాను. గుంటూరువాడిని కదా. 1492లో కొలంబస్ అవతలి ఒడ్డు చేరేదాకా మిరప అమెరికా ఖండాల పంట. పోర్చుగీసువాళ్ల ఓడలతో మన తీరానికి వచ్చింది. అంతకుముందు మన వంటకు కారం మిరియాలదే, ఆ మిరియం పేరే కొత్త కాయకూ అంటుకుంది. యూరపు వాళ్లు సముద్రాలు దాటడానికి ఒక పెద్ద కారణం కూడా ఆ మిరియాలే. ఇలా పోతే శాంథోమ్‌లో పోర్చుగీసువాళ్లు, పులికాట్‌లో డచ్చివాళ్లు ఎందుకు దిగారో దానంతటదే తెలుస్తుంది. డచ్చివాళ్లకు పులికాట్‌లో కావలసింది మన నేత బట్ట. దాన్ని ఇండోనేషియా దీవులకు తీసుకెళ్లి ఇస్తేనే జాజికాయ, లవంగం దొరికేవి.

1639 ఆగస్టు 22న ఇంగ్లీషువాళ్లకు ఇక్కడ కోట కట్టుకోవడానికి పట్టా ఇచ్చింది కూడా ఒక తెలుగు నాయకుడే, దామర్ల వెంకటాద్రి. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం అయిందంటారు. నేను రోజూ దిగే ఫోర్ట్ స్టేషన్ ఆ కోట పక్కనే.

మ్యూజియానికి శుక్రవారం సెలవు, అది చూసుకుని వెళ్లండి. మొదటి రోజు రాతి పనిముట్లున్న గది ఒక్కటే చూడండి. నిదానంగా ఒక గంట. మిగతా గదులు ఇంకో ఆదివారం.