ఓడినాయన తాళాలిచ్చి వెళ్తాడా?

ఈ శీర్షికకు జవాబులు రాసేది విశాఖ వన్‌టౌన్‌లో ఉంటున్న ఒక రిటైర్డ్ పొలిటికల్ సైన్స్ లెక్చరర్. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. అందుకే వాటికే చోటిచ్చాం.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను స్టీల్‌ప్లాంటులో పని చేస్తున్నాను. మా సెక్షన్‌లో ఒక ముస్లిం మిత్రుడున్నాడు. ఇరవై ఏళ్లుగా ఇద్దరం ఒకే బల్ల మీద క్యారేజీలు విప్పుకుంటున్నాం. మొన్న టీ తాగుతుండగా ఒకతను ‘మీ మతంలో అధికారం దేవుడిదే కదా, ఇంక మీకు ఓట్లెందుకు? అరబ్ దేశాలు చూడు, అందరూ రాజులే’ అన్నాడు. మావాడు నవ్వి ఊరుకున్నాడు గానీ మర్నాడు క్యారేజీ పట్టుకుని వేరేచోట కూర్చున్నాడు. ఇస్లాంకీ ప్రజాస్వామ్యానికీ నిజంగానే పడదా? – ఓ ఉక్కు కార్మికుడు, గాజువాక

జవాబు: ముందు మీరే వెళ్లి ఆయన పక్కన కూర్చోండి బాబూ. జవాబు పొడుగ్గా ఉంటుంది, అన్నం చల్లారిపోతుంది.

మేం నూర్‌బాషాలం. ఇంట్లో తెలుగే. మా నాన్న నమాజు అరబ్బీలో చదివి, దుఆ, అంటే దేవుణ్ణి వేడుకోవడం, మాత్రం తెలుగులో చేసేవాడు. పోర్టులో కళాసీ. మా డాబా ఎక్కితే దర్గా కొండ, వెంకటేశ్వరస్వామి కొండ, చర్చి ఉన్న రాస్ హిల్ మూడూ కనిపిస్తాయి. ఆ మూడు కొండల్నీ చూపించి మతసామరస్యం మీద ఉపన్యాసం దంచే వాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు, ఆ పని నేను చెయ్యను. నా కాలేజీ పిల్లలకి ముప్ఫై ఏళ్లు ఏం పాఠం చెప్పానో అదే చెప్తాను.

ఖురాన్‌లో 42వ అధ్యాయం పేరే ‘షూరా’, అంటే సంప్రదింపు. అందులో 38వ వాక్యం మంచివాళ్లు ఎలా ఉంటారో చెప్తూ, నమాజుకీ దానానికీ మధ్యన ఈ మాట పెట్టింది: వాళ్ల వ్యవహారాలు ఒకరితో ఒకరు సంప్రదించుకుని నడుస్తాయి అని. ఇంకోటి నాకు మరీ ఇష్టం. 625లో ఉహుద్ యుద్ధానికి ముందు, మదీనాలోనే ఉండి ఎదుర్కొందామని ప్రవక్త అభిప్రాయం. కుర్రాళ్లు బయటికి వెళ్లి పోరాడదామన్నారు. ఆయన వాళ్ల మాటకే సరేనన్నారు. ఆ రోజు దెబ్బ తిన్నారు. ఇంట్లో మనమైతే ఏమంటాం? ‘చూశారా, మీ మాట వింటే ఇదీ గతి’ అనమూ? మూడో అధ్యాయం 159వ వాక్యం ఆ ఓటమి సందర్భంలోనే వచ్చింది: వాళ్లని క్షమించు, వ్యవహారాల్లో వాళ్లని సంప్రదించు అని.

అయితే సంప్రదించమన్న గ్రంథం, ఎలా సంప్రదించాలో చెప్పలేదు. ఎంతమందిని, ఎన్నేళ్లకోసారి, మాట వినకపోతే ఏం చెయ్యాలి, ఏవీ లేవు. 632లో ప్రవక్త పోయాక అబూబకర్‌ని సహచరులు ఒక సమావేశంలో ఖలీఫాగా, అంటే ఆయన తర్వాతి పాలకుడిగా ఎన్నుకున్నారు. ఆయన ఉమర్ పేరు తనే చెప్పి వెళ్లాడు. ఉమర్ చనిపోతూ ఆరుగురితో కమిటీ వేశాడు, అది ఉస్మాన్‌ని ఎంచింది. తర్వాత అలీకి జనం వచ్చి విధేయత ప్రకటించారు. నలుగురు ఖలీఫాలు, నాలుగు పద్ధతులు. ఇస్లాం చెప్పిన ప్రభుత్వం ఫలానాదేనని బల్లగుద్ది చెప్పేవాళ్లని ఈ నాలుగింటిలో ఏదని అడగండి.

అసలు చిక్కు ఎక్కించే దగ్గర రాలేదు, దించే దగ్గర వచ్చింది. ఉస్మాన్ మీద ఫిర్యాదులతో ఈజిప్టు నుంచీ ఇరాక్ నుంచీ జనం వచ్చి దిగిపొమ్మన్నారు. దేవుడు తొడిగిన చొక్కా నేను విప్పనన్నాడని పాత చరిత్రకారులు రాశారు. అవిశ్వాస తీర్మానం లేదు, అయిదేళ్ల గడువు లేదు. 656లో ఆయన్ని ఇంట్లోనే చంపేశారు. ఆ నలుగురిలో ముగ్గురు హత్యకే గురయ్యారు. తర్వాత పాలకుడైన ముఆవియా తన కొడుకు యజీద్‌ని వారసుణ్ణి చేశాడు. ప్రవక్త మనవడు హుసేన్ ఒప్పుకోనందుకు 680లో కర్బలా యుద్ధం జరిగి ఆయన ప్రాణం పోయింది. మన పల్లెల్లో పీర్ల పండగకి పీరెత్తుకుని గుండంలో దిగేవాడు ఏ కులమైనా కావచ్చు, అతను మోసేది మాత్రం వారసత్వపు గద్దెకి తలొంచనన్నవాడి జ్ఞాపకాన్ని.

దింపే ఉపాయం తెలీక అవస్థ పడింది ముస్లింలొక్కరే కాదులెండి. రోము చక్రవర్తుల్లో ఎంతమంది మంచం మీద పోయారు? యూరప్‌లో పోర్చుగల్ 1974 దాకా, స్పెయిన్ 1975 దాకా నియంతల కిందే ఉన్నాయి. క్యాథలిక్కులకి ప్రజాస్వామ్యం అచ్చిరాదని అప్పట్లో పెద్ద పెద్ద ప్రొఫెసర్లే అనేవారు. ఇప్పుడా మాట ఎవరూ ఎత్తరు.

ఇక నేను చూసిన ఎన్నిక ఒకటి చెప్తాను. నాకు పన్నెండేళ్లు. మా వీధి మసీదుకి ఒకాయన పదిహేడేళ్లుగా సదరు, అంటే కమిటీ పెద్ద. మనిషి మంచివాడే, జమాఖర్చు అడిగితే మాత్రం మొహం ముడుచుకునేవాడు. మా నాన్నా, ఇంకో నలుగురు కళాసీలూ పట్టుబట్టి ఓటింగ్ పెట్టించారు. పోర్టులో యూనియన్ ఎన్నికలు చూసినవాళ్లు కదా, ఆ అలవాటు. మగవాళ్లకి చాయ్ క్యాను మోసుకెళ్లాను కాబట్టి నాకు లోపలికి ప్రవేశం దొరికింది. బిస్కెట్ల రేకుడబ్బాకి కన్నం పెట్టి అందులో చీటీలు వేశారు. లెక్కపెట్టేటప్పుడు ఎగిరిపోతాయని ఫ్యాను ఆపేశారు. మే నెల. చాప మీద రెండు కుప్పలు, ఒక కుప్ప మీద తస్బీ (జపమాల) బరువు పెట్టారు, రెండోదాని మీద ఇమాం సాబ్ కళ్లజోడు పెట్టె. చెమట కారి చీటీల మీద సిరా అలుక్కుపోతుంటే, ఒక్కో చీటీ ఇద్దరు చదివి సరేననుకున్నాకే కుప్పలో వేశారు. పాత సదరు పదకొండు ఓట్లతో ఓడిపోయాడు.

ఎవరూ కిక్కురుమనలేదు. ఆయన లేచి నడుముకి కట్టుకున్న తాళాలగుత్తి విప్పడానికి చూశాడు. ముడి బిగుసుకుపోయింది. చివరికి మా నాన్నే దగ్గరికెళ్లి ముడి తీశాడు. జనాజా (పాడె) గది తాళం కొంచెం ఎత్తి తిప్పాలి అని చెప్పి, వుజూ చేసుకుని, అంటే కాళ్లూ చేతులూ కడుక్కుని, అసర్ అనే సాయంత్రపు నమాజుకి రెండో వరసలో నిలబడ్డాడు. ఎప్పుడూ మొదటి వరసలో ఉండే మనిషి.

ఏ దేశం గురించైనా నేను అడిగేది ఇదొక్కటే: ఓడినాయన తాళాలిచ్చి వెళ్తున్నాడా? పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్ చూడండి. జనాభాలో నూటికి తొంభైకి పైగా ముస్లింలు. మొదటి అధ్యక్షుడు సెంఘోర్ క్యాథలిక్. ఇరవై ఏళ్లు చేసి 1980 చివర్లో తనంతట తనే దిగాడు. 2000లో, 2012లో గద్దె మీదున్నవాళ్లు ఓడి ఇంటికెళ్లారు. 2024లో ఎన్నిక వాయిదా వెయ్యబోతే రాజ్యాంగ మండలి కుదరదంది. పోలింగుకి పది రోజుల ముందు జైలు నుంచి విడుదలైన ప్రతిపక్ష అభ్యర్థి ఫాయే గెలిచాడు. ఇండోనేసియాలో 1945 జూన్‌లో రాజ్యాంగ పీఠిక రాస్తూ ముస్లింలు షరియత్ పాటించాలన్న ముక్క పెట్టి, ఆగస్టులో స్వాతంత్ర్యం ప్రకటించిన మర్నాడే తీసేశారు. నియంత సుహార్తో 1998లో గద్దె దిగాక 1999 నుంచి ఓట్లతోనే ప్రభుత్వాలు మారుతున్నాయి. ఇటు ట్యునీసియా 2014లో చక్కని రాజ్యాంగం రాసుకుంది. 2021లో ఎన్నికైన అధ్యక్షుడే పార్లమెంటుకి తాళం వేసేశాడు. ఆయన దానికి మతం సాయమేమీ తీసుకోలేదు. ఇరాన్‌లో 1906లోనే మజ్లిస్, అంటే పార్లమెంటు, ఉంది. ప్రధాని మొసాదెక్‌ని 1953లో కూలదోసిన వెనక అమెరికా, బ్రిటన్ల చెయ్యుంది. ఇవాళ అక్కడ ఓట్లున్నాయి గానీ, మతపండితులూ న్యాయనిపుణులూ ఉన్న పన్నెండుమంది సంరక్షక మండలి జల్లెడ పట్టాకే అభ్యర్థి బరిలో ఉంటాడు. దేవుడి అధికారం అంటే మనుషుల్లో ఎవరి చేతికి పోతుందో చూశారుగా.

అరబ్ రాజుల సంగతి రెండు ముక్కలు. చమురు డబ్బు వచ్చినచోట సర్కారుకి జనం పన్నుతో పనిలేదు. పన్ను కట్టనివాడు లెక్క అడిగితే ‘నువ్వెవరివి’ అంటారు.

ప్రశ్న: అక్కా, నాకు పద్దెనిమిది నిండాయి. ఫోన్లో ఒక వక్త, చట్టం చేసే హక్కు అల్లాది మాత్రమే, ఓటెయ్యడం హరాం, అంటే మతం నిషేధించిన పని అంటున్నాడు. ఓటరుగా నమోదు కావాలా వద్దా? – డిగ్రీ విద్యార్థి, మల్కాపురం

జవాబు: నమోదు చేసుకో నాన్నా. ఫారం 6, ఇవాళే.

ఆ వక్త చెప్పే వాదాన్ని పోయిన శతాబ్దంలో గట్టిగా వినిపించినవాడు జమాతే ఇస్లామీ స్థాపకుడు మౌదూదీ. మన ఔరంగాబాదులోనే పుట్టాడు. సార్వభౌమత్వం దేవుడిదే అన్నాడు, నిజమే. 1949లో పాకిస్తాన్ లక్ష్యాల తీర్మానంలోనూ అదే మాట, దానితోపాటే ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధుల ద్వారా ఆ అధికారం నడవాలనీ రాశారు. దేవుడొచ్చి బడ్జెట్ పెట్టడు కదా! 1965 ఎన్నికల్లో అయూబ్ ఖాన్ అనే సైనిక నియంతకి ఎదురు నిలబడ్డ జిన్నా చెల్లెలు ఫాతిమా జిన్నాకి అదే మౌదూదీ మద్దతిచ్చాడు. నీ ఫోన్లో వక్తకి ఈ భాగం తెలుసో లేదో.

ఇటువైపు, ఈజిప్టులో అలీ అబ్దుల్ రాజిక్ అనే అల్ అజహర్ విశ్వవిద్యాలయ పండితుడు 1925లో ఒక పుస్తకం రాశాడు. ఇస్లాం ఫలానా ప్రభుత్వమే ఉండాలని చెప్పలేదనీ, అది మనుషుల బుద్ధికి వదిలేసిందనీ ఆయన వాదన. తోటి ఉలేమాలు, అంటే మతపండితులు, ఆయన పండిత హోదా ఊడబీకారు. మన దేశంలో మౌలానా ఆజాద్, దేవ్‌బంద్ మదరసా మౌలానా హుసేన్ అహ్మద్ మదనీ ఇద్దరూ గడ్డాలు పెంచుకుని, మతవిద్యలో పండితులుగా ఉంటూనే, హిందువులతో కలిసి ఒకే జాతిగా ఓట్ల దేశం కడదామన్నారు. మీ వక్త కంటే వాళ్లు తక్కువ చదివారని నేననుకోను.

ఒక మాట మాత్రం గుర్తుంచుకో. ఓటు అన్నిటికీ మందు కాదు. పాకిస్తాన్‌లో అహ్మదీలు అనే శాఖవాళ్లు ముస్లింలు కారని 1974లో రాజ్యాంగం సవరించింది ఎన్నికైన పార్లమెంటే. ఎక్కువమంది చేతులెత్తారు కాబట్టి తక్కువమంది ఉనికి చెల్లదనడం అక్కడ ఎంత తప్పో, ఇక్కడా అంతే. మన రాజ్యాంగంలో 25వ అధికరణం చదువు. ముందుగా ఆ అధికరణం ఏ షరతులతో మొదలవుతుందో చూడు, పరీక్షలో అదే అడుగుతారు.

ప్రశ్న: మేడమ్, ఆడవాళ్లని పాలకులుగా పెట్టుకున్న జాతి బాగుపడదని హదీసు ఉందని మా మరిది వార్డు ఎన్నికల్లో నన్ను నిలబడనివ్వడం లేదు. మీరేమంటారు? – ఓ గృహిణి, అల్లిపురం

జవాబు: హదీసు, అంటే ప్రవక్త మాటగా చెప్పుకునేది, ఉందమ్మా. బుఖారీ అనే పేరున్న హదీసుల సంకలనంలోనే ఉంది. పర్షియా వాళ్లు రాజు కూతురిని గద్దెనెక్కించారని విన్నప్పుడు ప్రవక్త అన్న మాటగా వస్తుంది. అది ఆ ఒక్క సందర్భానిదా, అందరికీ వర్తించేదా అని పండితులే తగువు పడుతున్నారు. మీ మరిదిగారిని ఖురాన్ 27వ అధ్యాయం తియ్యమనండి. షేబా దేశపు రాణి కథ ఉంటుంది. సులేమాన్ ప్రవక్త ఉత్తరం రాగానే ఆవిడ తన పెద్దల్ని పిలిచి, మీరు లేకుండా నేనే నిర్ణయమూ తీసుకోను అంటుంది. యుద్ధానికి సిద్ధమని ఎగిరింది ఆ మగవాళ్లు, ఊరు పాడవుతుందని ఆపింది ఆవిడ. షూరా అంటే ఏమిటో చూపించే దృశ్యం కావాలంటే నేను మొదట అదే చదివిస్తాను.

భోపాల్‌ని 1819 నుంచి 1926 దాకా, మధ్యలో కొన్నేళ్లు తప్ప, నలుగురు బేగంలు ఏలారు. టర్కీలో ఆడవాళ్లకి పార్లమెంటు ఓటు 1934లో వచ్చింది, ఫ్రాన్సులో 1944లో, స్విట్జర్లాండ్‌లో 1971లో. బేనజీర్ 1988లో ప్రధాని అయ్యింది. వీళ్లందరూ గొప్పగా పాలించారని నేననను. చెడ్డగా పాలించే హక్కు మగవాళ్లొక్కరికే రాసివ్వలేదు కదా.

నామినేషన్ వెయ్యండి. వీధిదీపాలూ కాలువలూ చూసే పనికి ఫత్వా అక్కర్లేదు.

నా సంగతి అడగలేదు గానీ చెప్తాను. ఓటు హక్కు వచ్చినప్పటి నుంచి ఒక్క ఎన్నికా వదల్లేదు, వేలి మీద సిరా చెరగకముందే ఉపఎన్నిక వస్తే దానికీ వెళ్లాను. మా మసీదు కమిటీ ఎన్నికలో మాత్రం నాకు ఇప్పటికీ ఓటు లేదు, చందా రసీదు మాత్రం నా పేరునే వస్తుంది. పోయిన నెల ఆడవాళ్లకి కూడా చీటీ ఇవ్వమని అర్జీ రాసి తమ్ముడి చేత పంపించాను. ఇప్పటి సదరు చదివి, రంజాన్ అయ్యాక చూద్దామన్నాడట. ఏ రంజాన్ అని తమ్ముణ్ణి మళ్లీ పంపాను.