నగర, కౌంటీ గ్రంథాలయాలను కలిపేస్తే ఏం మారుతుంది?

అమెరికాలో నగర లైబ్రరీ, కౌంటీ (దాదాపు మన జిల్లా) లైబ్రరీ ఒకటైతే పాఠకుడికి ఒకే కార్డు, ఒకే కేటలాగ్ వస్తాయి. అది తేలికే. చిక్కంతా డబ్బు, అజమాయిషీ దగ్గరే.

న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోనే చూడండి. అక్కడి నగర గ్రంథాలయం, రిఫరెన్స్‌కు పేరున్న గ్రోవ్‌నర్ లైబ్రరీ, ఈరీ కౌంటీ గ్రంథాలయం 1950ల మొదట్లో చట్టప్రకారం విలీనమయ్యాయి. నగర శాఖలను ఈ కొత్త సంస్థే నేరుగా నడుపుతుంది. శివారు ఊళ్ల లైబ్రరీలు మాత్రం తమ బోర్డులను వదులుకోకుండా ఒప్పందం మీద చేరాయి. తెలివైన పనే అంటాను. అయినా ప్రధాన ఆధారం కౌంటీ ఆస్తిపన్నే కదా! 2005లో కౌంటీ ఖజానా కుదేలైనప్పుడు చాలా శాఖలు మూతపడ్డాయి.